పలక మీద కాఫీ బిళ్ళ

మార్కాపురంలో, రైలుకట్ట అవతల,
సుబ్బరత్నం బంకులో మూడో సీసా.
మొదటి దాంట్లో ఉప్పు బిస్కెట్లు, రెండో దాంట్లో నారింజ తొనలు,
మూడో దాంట్లో కాఫీ బిళ్ళలు.
గోధుమరంగు కాగితం, రెండు చివర్లా మెలిక,
అర్ధరూపాయికి ఒకటి.
మా తమ్ముడు జిలానీ
బడికి పోతా పోతా ఆ సీసాకి సలాం కొట్టి పోయేవాడు.

అర్ధరూపాయంటే
నాయన గనిలో కోసే రాయిలో ఎంత ముక్కో
నాకు తెలవదు.
అమ్మకు తెలుసు.
లెక్కలన్నీ నోట్లోనే వేసేది, రాయడం రాక.

ఒక ఆదివారం కొంగు బిగించింది.
"అదేమన్నా ఆకాశంలోంచి ఊడిపడిందా?
చక్కెరే గదా, కాఫీపొడే గదా, కాస్త వెన్నే గదా!"

మొదటిసారి మాడింది.
ఇల్లంతా తగలబడిన చెరకు తోట వాసన.
రెండోసారి ఇసక,
గుండ్లకమ్మలో కూడా అంత గరుకుది ఉండదు.
మూడోసారి గరిటె గిన్నెను వదల్లేదు,
గిన్నె గరిటెను వదల్లేదు.
రెండిటినీ అట్టానే తొట్లో పడేసి అమ్మ నవ్వింది.
నేను ఏడ్చాను, చక్కెర ధర గుర్తొచ్చి.

ఎదురింటి పీరమ్మ పెద్దమ్మ వాసన పట్టి వచ్చి
పొయ్యి ముందు గొంతుక్కూచుంది.
"నిమ్మచుక్క పిండు. ఊరికే తిప్పబాక, దాని మానాన దాన్ని ఉడకనీ.
చెంబులో చన్నీళ్ళు పెట్టి ఒక బొట్టు వదులు.
అడుగున టంగుమనాల. అప్పుడు దించు."

టంగుమంది.
పొయ్యడానికి పళ్ళెం లేదు, ఉన్నవన్నీ ముందే అంటుకుపోయినాయి.
అమ్మ ఒక్క నిమిషం ఆలోచించి
గాదె వెనక నించి పలక తీసింది.
చట్రం లేని పలక, మూల విరిగిందని
ఫ్యాక్టరీవాళ్ళు పారేసింది.
వెన్న పూసి, పోసింది.
నల్లటి రాయి మీద నల్లటి పాకం,
యాడ రాయి ఆగిందో యాడ తీపి మొదలైందో
ఆవిరిని బట్టి చెప్పాల.

కాగితాలు నా దగ్గరున్నాయి.
వాడు పారేసినవి, బంకు ముందు ఏరినవి,
తెలుగు వాచకంలో పెట్టి చదును చేసినవి,
పద్నాలుగు.
పద్నాలుగు బిళ్ళలకు పద్నాలుగు చొక్కాలు తొడిగి
గూట్లో పెట్టాం, ఏమీ ఎరగనట్టు.

గోలీలాట నించి వచ్చి జిలానీ ఒకటి నోట్లో వేసుకున్నాడు.
మేమిద్దరం గోడకు అతుక్కుపోయాం.
చప్పరించాడు. ఆగాడు.
చేతిలోకి ఉమ్మి, తిరగేసి చూశాడు.
"అమా, దీని వెనక ఏందో రాసుంది."

బిళ్ళ వీపు మీద
ఉబ్బిన గీత, వంకర కొమ్ము,
అద్దంలో చూసినట్టు తిరగబడ్డ 'హు'.

రాత్రి బడిలో ఇచ్చిన బలపం పోగొట్టుకుని,
ఇంకోటి అడగడానికి సిగ్గేసి,
మేం పడుకున్నాక
మేకుతో ఆ పలక మీద గీసుకుంటా ఉండిందంట,
తన పేరులో మొదటి అక్షరం, అదే, అదే.
తడిగుడ్డకు చెరగని రాత.

హుసేనమ్మ మొహం తిప్పుకుంది.
"గీతలు పడ్డ రాయిలేరా. తిను."

తెల్లారి చూస్తే పలక నిండా చీమలు.
గాట్లో మిగిలిన తీపి వెంబడి
ఒకదాని వెనక ఒకటి,
తలకట్టు కాడ కాస్త తడబడి,
కొమ్ము దగ్గర మలుపు తిరిగి,
అమ్మ అక్షరాన్ని దిద్దతా ఉన్నాయి.
కడగడానికని చెంబు పట్టుకొచ్చిన అమ్మ
చెంబు పక్కన పెట్టి కూచుంది.
వాటి వెనకే, తగలకుండా,
గాల్లో వేలు పోనిచ్చింది.

నిజం చెప్పాలంటే రుచి అది కాదు.
చేదు ఎక్కువ, పళ్ళకు పట్టేది,
నిమ్మ కొంచెం నాలిక మీద మిగిలేది.

కూలి డబ్బులొచ్చిన శనివారం
నాయన బంకు నించి పది బిళ్ళలు తెచ్చాడు, అసలువి.
జిలానీ ఒకటి విప్పి, బుగ్గలో అటూ ఇటూ దొర్లించి,
బయటకు తీసి ఎండకు పెట్టి చూశాడు.

"ఇది బాలేదు నాయనా.
దీంట్లో ఏం రాయలేదు."